నేల మీద బంతి: బాస్కెట్‌బాల్‌లో పడిపోయిన ఆటగాడి ట్రావెలింగ్ తీర్పు

బాస్కెట్‌బాల్‌లో బంతిని చేతబట్టిన ఆటగాడు నియమం ఒప్పుకున్న హద్దు దాటి కాళ్ళు కదిపితే దాన్ని ట్రావెలింగ్ అంటారు. మన మైదానాల్లో ‘స్టెప్స్’ అన్న మాటే ఎక్కువగా వినిపిస్తుంది. నిలబడి ఆడేవాడి విషయంలో రెఫరీ చూడవలసింది కాళ్ళను. ఏ కాలు నేలకు ఆని ఉంది, అది ఎప్పుడు లేచింది అన్నది తెలిస్తే తీర్పు వచ్చేస్తుంది. అదే ఆటగాడు ఎవరికీ చిక్కని బంతి (లూజ్ బాల్) కోసం దూకి, బోర్లా పడి, బంతిని రెండు చేతులా ఒడిసిపట్టుకున్నాడనుకోండి. అప్పుడు లెక్కపెట్టడానికి అడుగులు ఉండవు. నేలకు ఆనినవి మోకాళ్ళు, మోచేతులు, తుంటి. పది మంది ఆటగాళ్ళలో నలుగురైదుగురు ఒక్కచోట మూగి ఉంటారు. గ్యాలరీ నుంచి ‘స్టెప్స్!’ అని కేకలు మొదలవుతాయి. ఆ కేకల్లో చాలా భాగం తప్పు.

అంతర్జాతీయ నియమం ప్రకారం పడిపోవడం తప్పు కాదు. పడిన ఊపులో జారడం తప్పు కాదు. పడుకుని గానీ కూర్చుని గానీ ఉండగా బంతిని దొరకబుచ్చుకోవడమూ తప్పు కాదు. బంతిని పట్టుకునే దొర్లడం, బంతిని పట్టుకునే లేవబోవడం మాత్రమే తప్పు. ఈ నాలుగు వాక్యాలూ తెలిసిన రెఫరీకి సగం పని అయిపోయినట్టే. మిగతా సగం కంటి పని.

నియమం ఎక్కడి నుంచి వచ్చింది

1891 డిసెంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను తయారుచేశాడు. 1892 జనవరి 15న అక్కడి పత్రికలో 13 నియమాలు అచ్చయ్యాయి. వాటిలో మూడోది, బంతి పట్టుకుని పరుగెత్తకూడదని, పట్టుకున్న చోటి నుంచే విసరాలని చెబుతుంది. వేగంగా పరుగెడుతూ బంతి అందుకున్నవాడు ఆగడానికి ప్రయత్నిస్తుంటే కొంత సడలింపు ఇవ్వమని కూడా అందులోనే ఉంది. నాలుగోది, బంతిని చేతులతోనే పట్టుకోవాలి తప్ప బాహువులతో, ఒంటితో అదిమిపెట్టకూడదని చెబుతుంది. అయిదోది తోయడం, పట్టుకోవడం, కాలు అడ్డుపెట్టడం, కొట్టడం నిషేధిస్తుంది.

ఈ మూడింటినీ కలిపి చదివితే నైస్మిత్ ఆలోచన స్పష్టంగా కనిపిస్తుంది. చలికాలంలో గట్టి నేల ఉన్న హాలులో ఆడించాల్సిన ఆట అది. రగ్బీలోలాగా బంతి పట్టుకుని పరుగెత్తే హక్కు ఇస్తే, వాడిని ఆపడానికి ఎదుటివాడికి మీదపడే హక్కు ఇవ్వాలి. పరుగు హక్కు తీసేస్తే మీదపడాల్సిన అవసరమే పోతుంది. ట్రావెలింగ్ నియమమంతా ఈ బేరం మీదే నిలబడింది. బంతి పట్టుకున్నవాడు కదలడు, కాబట్టి ఎదుటివాడు వాడిని ముట్టుకోడు. నేల మీద పడినవాడికి వర్తించే నియమం కూడా అదే బేరానికి కొనసాగింపు. బంతిని పొట్టకింద పెట్టుకుని దొర్లుతూ తప్పించుకోవచ్చు అంటే, వాడి మీదికి మరో ముగ్గురు దూకుతారు. అప్పుడు ఆట నైస్మిత్ వద్దనుకున్న చోటికే చేరుతుంది.

మన దేశంలో ఈ ఆట వ్యాప్తికి వైఎంసీఏ కారణం. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో నెలకొల్పిన వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల దక్షిణాదికి వ్యాయామ ఉపాధ్యాయులను తయారుచేసింది. 1953 వరకు ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో భాగమే కావడంతో, అక్కడ నేర్చుకున్న ఆటలూ నియమాలూ డ్రిల్లు మాస్టర్ల ద్వారా తెలుగు బడులకూ చేరాయి. బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా 1950లో ఏర్పడింది. ఇది అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ‘ఫిబా’లో సభ్య సంస్థ. కాబట్టి గుంటూరు, తెనాలి, బాపట్ల కళాశాలల కోర్టుల్లో ఆడినా, జాతీయ పోటీల్లో ఆడినా చెల్లేది ఫిబా నియమావళే.

ఫిబా 25వ నియమం

ఫిబా నియమావళిలో ట్రావెలింగ్‌కు 25వ నియమం కేటాయించారు. అందులో పివట్ కాలు (నేలకు ఆనించి ఉంచాల్సిన కాలు) గురించి, నడుస్తూ బంతి అందుకున్నవాడి అడుగుల గురించి చెప్పాక, నేల మీద పడిన ఆటగాడి గురించి ప్రత్యేకంగా ఒక చిన్న భాగం ఉంది. నియమావళితో పాటు ఫిబా వెలువరించే వివరణల పుస్తకం దాన్ని ఉదాహరణలతో విప్పుతుంది.

ఆ ఉదాహరణల్లో అన్నిటికన్నా పనికొచ్చేది ఇది. ఒక ఆటగాడు నేల మీద పడుకుని ఉండగా బంతి అతని చేతికి వచ్చింది. అక్కడి నుంచి అతను సహచరుడికి పాస్ ఇస్తే సరైనదే. పడుకునే డ్రిబ్లింగ్ మొదలుపెడితే సరైనదే. డ్రిబ్లింగ్ చేస్తూ లేచి నిలబడితే అదీ సరైనదే. బంతిని చేతుల్లో పట్టుకునే లేవబోతే ట్రావెలింగ్. మొదటి మూడింటికీ చివరిదానికీ తేడా ఒక్కటే: లేచే సమయంలో బంతి చేతిలో ఆగి ఉందా, నేలకు కొడుతూ ఉన్నాడా అన్నది. డ్రిబ్లింగ్‌లో ఉన్న బంతిని ఎదుటివాడు చెయ్యి చాచి కొట్టేయగలడు. ఆ అవకాశం ఎదుటి జట్టుకు ఉన్నంతసేపూ పడినవాడికి కదిలే హక్కు ఉంటుంది. బంతి గుండెకు అదుముకున్న క్షణం నుంచి ఆ హక్కు పోతుంది. నియమంలోని న్యాయం ఇక్కడే ఉంది. దీన్ని బట్టీ పట్టించడం కన్నా పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడం మేలు.

మరో ఉదాహరణలో, బంతి పట్టుకున్న ఆటగాడు పట్టు తప్పి కింద పడతాడు. కావాలని పడలేదు కాబట్టి తప్పు లేదు. ఇంకోదానిలో, పడ్డ ఊపుకు కొంత దూరం జారతాడు. జారడం అతని చేతిలో లేదు, వేగం చేసిన పని అది. కాబట్టి అదీ సరే. జారడం ఆగాక దొర్లినా, లేవబోయినా విజిల్.

‘లేవబోవడం’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. నియమం పూర్తిగా లేచి నిలబడే దాకా వేచి ఉండమనడం లేదు. ప్రయత్నమే తప్పు. మోకాలి మీదికి వచ్చి, ఒక పాదం నేలకు ఆనించి, ఒంటిని పైకి ఎత్తడం మొదలైతే చాలు. కొందరు రెఫరీలు ఆటగాడు నిటారుగా నిలబడ్డాక విజిల్ వేస్తారు. ఈలోగా అతను పాస్ ఇచ్చేసి ఉంటే తప్పు కొట్టుకుపోతుంది. ఇది నియమం పట్ల మెతకదనం కాదు, నియమాన్ని సరిగ్గా చదవకపోవడం.

పట్టుకోవడం అంటే ఏమిటన్నది కూడా తేల్చుకోవాలి. ట్రావెలింగ్ ఉండాలంటే ముందు బంతి చేతిలో ఉండాలి. దొర్లిపోతున్న బంతిని వేళ్ళతో తడుతూ, దాని వెంట పాకుతూ వెళ్ళేవాడికి బంతి ఇంకా చిక్కలేదు. ఆ దశలో అతను మూడు పల్టీలు కొట్టినా ట్రావెలింగ్ కాదు. బంతి రెండు చేతుల మధ్య గానీ, ఒక అరచేతిలో గానీ ఆగిన క్షణం నుంచే లెక్క మొదలు.

కబడ్డీ చూసిన కన్ను

గుంటూరు, బాపట్ల జిల్లాల ఊళ్ళలో జనం గుంపుగా నిలబడి చూసే ఆట కబడ్డీ. పెద్దవాళ్ళ మాటల్లో చెడుగుడు. సంక్రాంతి పోటీల్లో కబడ్డీ చూస్తూ పెరిగిన కన్ను బాస్కెట్‌బాల్ కోర్టు దగ్గరికి వచ్చినప్పుడు రెండు ఆటల్లోనూ నేల మీద పడ్డ మనిషిని ఒకే తీరులో చూస్తుంది. నియమాలు మాత్రం దాదాపు తలకిందులు.

కబడ్డీలో పడ్డాకే అసలు ఆట. కూతకు వెళ్ళినవాడిని నలుగురు పట్టుకుని పడేసినా, కూత తెగకుండా పాకుతూ, దొర్లుతూ, చెయ్యి చాచి మధ్య గీత మీద వేలు ఆనిస్తే చాలు, వాడు బతికాడు. పట్టుకున్నవాళ్ళంతా ఔట్. నేల మీద పెనుగులాటే అక్కడ గొప్పతనం. హద్దుల విషయంలోనూ అంతే. పెనుగులాటలో ఒంట్లో ఏదో ఒక భాగం లోపల నేలకు ఆని ఉంటే, మిగతా ఒళ్ళు గీత దాటినా ఆటగాడు ఔట్ కాడు.

బాస్కెట్‌బాల్‌లో దొర్లితే బంతి పోతుంది. బంతి పట్టుకుని లేవబోయినా పోతుంది. హద్దు గీత విషయం ఇంకా కఠినం. ఒంట్లో ఏ చిన్న భాగమైనా గీత మీద నేలను గానీ, గీత అవతల నేలను గానీ తాకితే ఆ ఆటగాడు హద్దు దాటినట్టే. గీతే హద్దు అవతలి భాగం. ఒళ్ళంతా లోపల ఉండి మడమ ఒక్కటి సైడ్ లైన్ మీద ఆనినా బంతి ఎదుటి జట్టుకు వెళుతుంది. కబడ్డీలో ఒక వేలు కాపాడుతుంది, ఇక్కడ ఒక వేలు ముంచుతుంది. పడుకుని ఉన్న ఆటగాడు ఎంత చోటు ఆక్రమిస్తాడో తలచుకుంటే, గీత దగ్గర పడినప్పుడు ట్రావెలింగ్ కన్నా ముందు హద్దునే చూడాలని తెలుస్తుంది. కోర్టు మధ్య గీత విషయంలోనూ జాగ్రత్త అవసరం. అది వెనక భాగానికి చెందినది. ముందు భాగంలో బంతి పట్టుకుని పడినవాడి కాలు ఆ గీతకు తగిలితే బంతి వెనక్కి వెళ్ళినట్టే లెక్క.

అలాగని కబడ్డీ అలవాటు పనికిరానిదని కాదు. గుంపులో ఎవరి చెయ్యి ఎవరిదో, ముందు ఏది తగిలిందో పట్టే చూపు కబడ్డీ అంపైర్లకు ఉంటుంది. అలాంటి వ్యాయామ ఉపాధ్యాయులు బాస్కెట్‌బాల్ నియమం ఒక్కటి సరిచూసుకుంటే చక్కటి రెఫరీలు అవుతారు.

అమెరికా బడుల్లో వేరే తీర్పు

తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల కుటుంబాలు చాలా అమెరికాలో ఉన్నాయి. అక్కడి హైస్కూళ్ళలో చదివే తెలుగు పిల్లలు ఆడేది ఫిబా నియమాలతో కాదు. హైస్కూలు పోటీలకు అక్కడి జాతీయ సమాఖ్య రాసే నియమావళి వేరు. అందులో బంతి పట్టుకున్న ఆటగాడి చెయ్యి, పాదం తప్ప మరే భాగమూ నేలను తాకకూడదు. బంతితో మోకాలు ఆనినా ట్రావెలింగే. బంతి పట్టుకుని పడిపోతే సరేసరి. అంటే ఇక్కడ ఒప్పైనది అక్కడ తప్పు.

లూజ్ బాల్ కోసం దూకి పట్టుకున్నవాడికి మాత్రం అక్కడా సడలింపు ఉంది. ఊపు తగ్గేదాకా జారవచ్చు. ఆగాక దొర్లకూడదు. వెల్లకిలా ఉన్నవాడు లేచి కూర్చోవచ్చు గానీ నిలబడబోకూడదు. పాస్ ఇవ్వవచ్చు, షాట్ కొట్టవచ్చు, డ్రిబ్లింగ్ మొదలుపెట్టవచ్చు. బంతిని నేల మీద పెట్టి, లేచి నిలబడి, మళ్ళీ తానే ముందుగా తాకితే అదీ ట్రావెలింగ్ అని వాళ్ళ ఉదాహరణల పుస్తకం చెబుతుంది. తెలివైన పిల్లలు కనిపెట్టే దొడ్డిదారిని ముందే మూసేశారన్నమాట. నేల మీదినుంచే టైమ్ అవుట్ అడిగే హక్కు కూడా అక్కడి ఆటగాడికి ఉంది. ఫిబా ఆటలో ఆ హక్కు ఆటగాడికి లేదు. కోచ్ గానీ, మొదటి సహాయ కోచ్ గానీ స్కోరర్ బల్ల దగ్గర అడగాలి, అదీ వీలైన సమయంలోనే. టీవీలో అమెరికా ఆటలు చూసి నేల మీద పడి రెండు చేతులతో ‘టీ’ గుర్తు చూపించే కుర్రాళ్ళు మన కోర్టుల్లో ఈ తేడా తెలియక విలువైన క్షణాలు పోగొట్టుకుంటారు.

అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏది మూడో దారి. పడిపోయినవాడు జారడం వల్ల లాభం పొందకూడదన్నది అక్కడి నియమం. చూపు లాభం మీద ఉంటుంది. వేసవి సెలవులకు వచ్చి ఇక్కడి పిల్లలతో ఆడే ప్రవాసుల బిడ్డలు ‘మా దగ్గర ఇది ట్రావెల్’ అని వాదిస్తే అబద్ధం చెబుతున్నారనుకోకూడదు. వాళ్ళ పుస్తకంలో అది నిజంగానే ట్రావెల్. ఈ కోర్టులో చెల్లే పుస్తకం వేరని చెబితే సరిపోతుంది.

నా దృష్టిలో ఫిబా నియమమే న్యాయమైనది. తడబడి పడ్డవాడికి శిక్ష వేయడం వల్ల ఆటకు ఒరిగేది ఏమీ లేదు. పడినవాడు అప్పటికే చూపు, ఎత్తు, వేగం పోగొట్టుకుని ఉంటాడు.

రెఫరీ పని

నేల మీద బంతి ఉన్నప్పుడు రెఫరీ ఎదుట ఒకేసారి నాలుగైదు ప్రశ్నలు లేస్తాయి. బంతి ఎవరికైనా చిక్కిందా? ఎదుటివాడి చేతులు కూడా దాని మీద గట్టిగా ఉన్నాయా? ఎవరైనా ఎవరినైనా తోశారా? హద్దు తగిలిందా? చివరగా, దొర్లాడా, లేవబోయాడా? ఇవి ఏ వరుసలో జరిగితే ఆ వరుసలోనే తీర్పు. ముందు జరిగిన తప్పు ఆటను ఆపేస్తుంది, తర్వాతిది లెక్కలోకి రాదు.

ఈ వరుసను పట్టుకోలేకపోవడమే చాలా గొడవలకు మూలం. ఉదాహరణకు, బంతి పట్టుకుని పడుకున్న అమ్మాయి మీదికి ఎదుటి జట్టు అమ్మాయి వచ్చి పడింది. ఆ తాకిడికి కిందనున్న అమ్మాయి పక్కకు దొర్లింది. చూసేవాళ్ళకు కనిపించేది దొర్లడం. కానీ ఆ దొర్లడం ఆమె చేసిన పని కాదు, తాకిడి చేయించిన పని. ఇక్కడ ఇవ్వాల్సింది ఫౌల్. దీన్ని ట్రావెలింగ్‌గా తీర్చితే దెబ్బ తిన్నదానికే శిక్ష పడినట్టు. చిన్నారుల పోటీల్లో ఇలాంటి తీర్పు ఒకటి పడితే ఆ పిల్ల మళ్ళీ బంతి కోసం దూకదు. అంత దూరం పోతుంది దాని ప్రభావం.

ఇద్దరి చేతులూ బంతి మీద గట్టిగా బిగిసి, బలప్రయోగం లేకుండా ఎవరికీ దక్కదనుకుంటే అది హెల్డ్ బాల్. ఫిబా ఆటలో అప్పుడు బంతి ఎవరిదన్నది స్కోరర్ బల్ల మీది బాణం గుర్తు చెబుతుంది. జట్లు వంతులవారీగా బంతి తీసుకుంటాయి. పడినవాడు లేవబోతుండగా ఎదుటివాడు వచ్చి బంతి పట్టుకుంటే, ముందు జరిగింది లేవబోవడమా, పట్టు బిగియడమా అన్నదే ప్రశ్న. క్షణకాలం తేడాలో బంతి ఒక జట్టు నుంచి మరో జట్టుకు మారుతుంది. సందేహం ఉన్నప్పుడు ఊహించి విజిల్ వేయకూడదు. చూసిన తప్పుకే విజిల్.

చూడాలంటే నిలబడే చోటు ముఖ్యం. ఇద్దరు రెఫరీల ఆటలో ఒకరు ముందు, ఒకరు వెనక ఉంటారు. మూడో రెఫరీ ఉంటే కోర్టు అవతలి పక్కన నిలబడతారు. గుంపు మూగినప్పుడు దగ్గరగా ఉన్నవారు రెండడుగులు పక్కకు జరిగి, ఒంటికీ ఒంటికీ మధ్య సందులోంచి బంతిని చూడాలి. గుంపు మీదికి పరుగెత్తుకు వస్తే వీపులు తప్ప ఏమీ కనిపించవు. దూరంగా ఉన్న రెండో రెఫరీ బంతిని వదిలి చుట్టూ ఉన్నవాళ్ళ చేతులు, మోచేతులు గమనిస్తారు. మన జిల్లా స్థాయి పోటీల్లో వీడియో చూసి తేల్చే వసతి ఉండదు కాబట్టి ఈ రెండు జతల కళ్ళే ఆధారం.

విజిల్ వేశాక రెఫరీ వేళ్ళు కలిపిన అరచేతిని పైకెత్తి గడియారం ఆపిస్తారు. ఫౌల్‌కైతే పిడికిలి. తర్వాత రెండు పిడికిళ్ళనూ ఒకదాని చుట్టూ ఒకటి తిప్పి ట్రావెలింగ్ అని చూపి, బంతి ఎటు వెళ్ళాలో వేలితో చూపిస్తారు. ఎదుటి జట్టు తప్పు జరిగిన చోటికి దగ్గరలో గీత అవతల నుంచి బంతిని లోపలికి ఇస్తుంది. బోర్డు వెనక నేరుగా ఉన్న చోటు ఒక్కటే దీనికి మినహాయింపు. ట్రావెలింగ్ ఫౌల్ కాదు. ఆటగాడి ఫౌళ్ళ లెక్కలో చేరదు, ఫ్రీ త్రోలు రావు. దీనివల్ల పోయేది బంతి మాత్రమే.

నేల మీద పడినవాడు బంతి అదుముకుని సహచరుడి కోసం ఎదురు చూస్తూ ఉండిపోవడానికీ వీల్లేదు. బంతి పట్టుకున్నవాడికి మీటరు లోపు దూరంలో ఎదుటివాడు సరైన రక్షణ స్థితిలో నిలబడి చురుగ్గా అడ్డుకుంటుంటే, 5 సెకన్లలో పాస్, షాట్, డ్రిబ్లింగ్‌లలో ఏదో ఒకటి చేయాలి. ఈ లెక్క పడుకున్నవాడికీ వర్తిస్తుంది.

కోర్టు నేల, చక్రాల కుర్చీ

జారడం గురించిన నియమం చెక్క నేల ఉన్న ఇండోర్ హాళ్ళలో ఎక్కువగా అక్కరకు వస్తుంది. మన బడుల్లో ఉన్నవి చాలావరకు ఆరుబయట సిమెంటు కోర్టులు. వాటి మీద ఎవరూ జారరు, మోకాళ్ళు చెక్కుకుపోతాయి. దూకినవాడు పడ్డ చోటే ఆగుతాడు, లేదా ఊపుకు ఒక పల్టీ కొడతాడు. ఆ పల్టీ బంతి చిక్కకముందు మొదలైందా, చిక్కాక తానుగా కొట్టాడా అన్నది సిమెంటు కోర్టు రెఫరీకి ఎదురయ్యే అసలు సమస్య. ఊపులో భాగమైన పల్టీని శిక్షించకపోవడం నియమం ఆత్మకు దగ్గరగా ఉంటుంది. ఆగి, చుట్టూ చూసి, ఖాళీ ఉన్న వైపు తిరిగితే మాత్రం అది దొర్లడమే.

ముగ్గురేసి ఆటగాళ్ళు సగం కోర్టులో ఆడే 3x3 బాస్కెట్‌బాల్ టోక్యో ఒలింపిక్స్‌తో ఒలింపిక్ క్రీడ అయింది. దాని ప్రత్యేక నియమాల్లో లేని విషయాలకు మామూలు ఫిబా నియమాలే చెల్లుతాయి కాబట్టి నేల మీద తీర్పు అక్కడా ఇదే.

చక్రాల కుర్చీ బాస్కెట్‌బాల్‌లో ట్రావెలింగ్ అర్థమే మారిపోతుంది. బంతి దగ్గర ఉంచుకున్న ఆటగాడు డ్రిబ్లింగ్ చేయకుండా చక్రాలను రెండుసార్లకు మించి తోస్తే ట్రావెలింగ్. బంతి తన దగ్గర ఉండగా కుర్చీ ఒరిగి ఒళ్ళు నేలను తాకితే బంతి ఎదుటి జట్టుకు వెళుతుంది. ఈ ఆటను మన దేశంలో నిలబెట్టిన వ్యక్తి తెలుగు మహిళ. ఖమ్మం జిల్లా సత్తుపల్లికి చెందిన మాధవీలత 2014లో వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియాను స్థాపించారు. పసితనంలో పోలియో సోకిన ఆమె ఈతలోనూ రాణించారు.

ఫిబా నియమావళి 2024 కూర్పు ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమలైంది. నియమావళి, వివరణల పుస్తకం రెండూ ఫిబా వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వ్యాయామ ఉపాధ్యాయులు 25వ నియమంలోని పడిపోయిన ఆటగాడి భాగాన్ని తెలుగులో రాసి కోర్టు పక్కన అతికించాలి. పడుకుని పాస్ ఇవ్వడం, డ్రిబ్లింగ్ చేస్తూ లేవడం పిల్లల చేత రోజూ సాధన చేయించాలి.